పేరు పిలిచాక

మచిలీపట్నంలో ఒక ఇంటి ముందుగది. ఆగస్టు మధ్యాహ్నం. ఏప్రిల్లో జపాన్‌లో ఇంగ్లీషు టీచరుగా చేరి సెలవులకు వచ్చిన రాధాకుమారి, తనకంటే ముందు అదే బడిలో పనిచేసిన కృపాకుమారిని చూడటానికి గుడివాడ నుంచి వచ్చింది. కృప తల్లి సౌభాగ్యమ్మ వంటింట్లో ఉంది.

“ఆ డబ్బా అలాగే తీసుకెళ్ళి టీచర్ల గదిలో టేబుల్ మీద పెట్టి మూత తీశావంటే ఒక్కరూ ముట్టుకోరు, రాధా.”

“బందరు లడ్డు అక్కా. ముట్టుకోకపోవడమేంటి?”

“నెయ్యి చేతికంటుకుంటుంది కదా. ఒక్కోటీ విడిగా కవర్లో పెట్టించుకో. ఎవరి టేబుల్ మీద వాళ్ళకి ఒకటి పెట్టేసి, మాట్లాడకుండా వచ్చి కూర్చో. నువ్వు ఊరెళ్ళినప్పుడు నీ పని వాళ్ళు చూశారు కదా, అందుకు.”

“తీసుకెళ్ళకపోతే?”

“ఏమీ అనరు.”

“ఇదే అక్కా. ఏమీ అనరు, ఏమీ అనరు. ఏప్రిల్ నుంచి ఏమీ అనకుండానే నన్ను చంపేస్తున్నారు. చేరిన వారంలోనే హెడ్మాస్టర్‌గారి గదిలోకి తిన్నగా వెళ్ళి, బ్యాంకు పనుంది, ఒక పూట సెలవు కావాలన్నాను. ఆయన నవ్వారు. నవ్వి, పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చారు.”

“అంటే కుదరదని.”

“అది నాకు జూన్‌లో తెలిసింది.”

“సెలవు హెడ్మాస్టర్ని అడక్కూడదు. ఏదైనా వైస్ ప్రిన్సిపాల్నే అడగాలి. పొద్దున బడి తలుపు తీసేది ఆయనే, అందరూ వెళ్ళాక లైట్లార్పేదీ ఆయనే. హెడ్మాస్టర్ మైకులో మాట్లాడతాడు. మధ్యాహ్నం అన్నం పిల్లలకంటే ముందు తిని చూస్తాడు. అంతే ఆయన పని.”

“ముందు తినడం రూలా? ఆయనకి ఆకలెక్కువేమో అనుకున్నాను నేను.”

“తిన్నాక ఆయనకేమీ కాకపోతే అప్పుడు పిల్లలు వడ్డించుకుంటారు. మరేమనుకున్నావు?”

“అబ్బ, ఎన్ని రూళ్ళక్కా. బయట వేసుకునే బూట్లు ఒక జత, బళ్ళో వేసుకునేవి ఒక జత, బాత్రూంలో ఇంకో జత. మొదటిరోజు బాత్రూం చెప్పులతోనే క్లాసులోకి వెళ్ళిపోయాను. పిల్లలందరూ నా కాళ్ళకేసే చూస్తున్నారు. పాఠం బాగా వింటున్నారనుకున్నాను.”

“వాళ్ళూ ఏమీ అన్లేదా?”

“అన్లేదు.”

“మజ్జిగ తీసుకోమ్మా. కృపా, నువ్వూ తాగు, పొద్దుట్నుంచీ ఏం తిన్లేదు. ఏమ్మాయ్, అక్కడ పిల్లలచేత నేల తుడిపిస్తారట కదా? మా కృప చెప్తే నేన్నమ్మలేదు.”

“నిజమే పిన్నిగారూ. పాట పెడతారు. ఆ పాట అయ్యేలోపు తడిగుడ్డ పట్టుకుని వరండా ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వంగి పరిగెడతారు. బాత్రూములు కూడా వాళ్ళే.”

“ఇక్కడ చేయిస్తే పేపర్లో వేసేద్దురు.”

“టీచర్లూ తుడుస్తారమ్మా. నేనూ తుడిచేదాన్ని.”

“అవును. ఇంటికొచ్చాక మాత్రం చీపురు ముట్టుకోలేదు. మాట్లాడుకోండి, పొయ్యి మీద పప్పుంది.”

“అమ్మగారు సరదాగా ఉన్నారక్కా.”

“సరదా కాదు, కోపం. నేను అక్కడ ఉద్యోగం పోగొట్టుకుని వచ్చి ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటున్నానని. సరే, ఇంకేం అడగాలనుకున్నావు?”

“అసలు క్లాసులో నేనేం చెయ్యాలక్కా? ఒక్కోసారి మరబొమ్మలా నుంచోబెడతారు. యాపిల్ అను అంటారు, యాపిల్ అంటాను. కూర్చోమంటారు.”

“క్లాసు క్లాస్ టీచర్ది. నువ్వు తోడు వెళ్ళినదానివి. తిట్టకూడదు, మార్కులెయ్యకూడదు. ఎవడైనా అల్లరి చేస్తే ఆవిడకేసి చూడు, ఆవిడ చూసుకుంటుంది.”

“ఒకడు ఏబీసీడీలు కూడా రాకుండా ఆరో తరగతికొచ్చేశాడు.”

“వచ్చేస్తారు. అక్కడ ఫెయిలవడమనేది లేదు. చదివినా చదవకపోయినా, బడికొచ్చినా రాకపోయినా, ఏప్రిల్ వచ్చేసరికి పై తరగతి.”

“రాకపోయినా?”

“రాకపోయినా.”

“అసలు... రాలేని వాళ్ళయినా?”

“ఏంటా ప్రశ్న?”

“ఊరికే అడిగాను.”

“జబ్బు చేసినవాళ్ళనా?”

“అలాంటిదే అనుకోండి. పొద్దున పేర్లు పిలుస్తారు కదక్కా. పేరు పిలవగానే ‘హై’ అంటారు, బాగున్నానంటారు. రాని పిల్లల పేరు కూడా పిలుస్తారా?”

“పిలుస్తారు. పిలిచి, ఒక్క క్షణం ఆగి, టీచరే ‘ఒయసుమి’ అంటుంది. ఇవాళ రెస్టు అని.”

“మీ క్లాసులో కూడా ఒకమ్మాయి అలా ఉండేది కదా.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు.”

“ఆ బళ్ళో ఎవరూ చెప్పరు. నీకెలా తెలుసు?”

“మీరు చెప్తారేమో అనే...”

“బడికి రాని పిల్లలు అక్కడ చాలామంది ఉంటారు రాధా. గదిలోంచి బయటికి రారు, తల్లిదండ్రులతో కూడా మాట్లాడరు. కొందరు వచ్చినా నర్సు గదిలోనే కూర్చుని వెళ్ళిపోతారు. అలాంటి పిల్లలు కనబడితే పలకరించు, బలవంతపెట్టకు. ఇంకా ఏం కావాలి, ఆటలపోటీల రోజు గురించి చెప్పనా? ఎండ విపరీతంగా ఉంటుంది, టోపీ...”

“కోహరు గురించి చెప్పండక్కా.”

“ఆ పేరు ఎత్తొద్దమ్మాయ్ ఈ ఇంట్లో.”

“అమ్మా, నువ్వు లోపలికెళ్ళు.”

“వెళ్ళను. అమ్మాయ్, నువ్వైనా దీనికి చెప్పు. ట్యూషన్‌కి వచ్చే పిల్లల పేర్లు పిలుస్తుంది చూడు, అందరివీ అయ్యాక ఇంకో పేరు పిలుస్తుంది. ఆ పేరు గల పిల్ల ఈ ఊళ్ళోనే లేదు. పిలిచి ఆగుతుంది. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఎదురింటి సుధాకర్ కూతురు మాధురి భయపడి మానేసింది.”

“అలవాటమ్మా. రెండేళ్ళు రోజూ విన్న వరస. నోటికొచ్చేస్తుంది.”

“మరి ఆ గోడవారన చాపేంటి? ఎవరూ కూర్చోకూడదంటావుగా దాని మీద.”

“అక్కడ ఫ్యాను గాలి తగలదని.”

“విన్నావా?”

“పిన్నిగారూ, మీరూ కూర్చోండి. నేను ఆ పాప గురించి అడగడానికే వచ్చానక్కా. లడ్డూల గురించి కాదు.”

“ఎందుకు? నీకు దాంతో ఏం పని? ఆ క్లాసు మార్చితో అయిపోయింది. ఆ పిల్లలంతా హైస్కూలుకి వెళ్ళిపోయుంటారు.”

“చెప్తాను. ముందు మీరు చెప్పండి. ఏమీ దాచకుండా చెప్పండి, తర్వాత నేనూ దాచను.”

“దాచడానికేముంది... నేను చేరినప్పుడు వాళ్ళు అయిదో తరగతి. పొద్దున క్లాస్ టీచరు వరసగా పేర్లు పిలిచేది. కోహరు అని పిలిచి ఆగేది. కిటికీ పక్క బల్ల, ఖాళీ. ‘ఒయసుమి’ అని తనే అని, తర్వాతి పేరుకి వెళ్ళిపోయేది. నేనూ నిజంగానే రెస్టనుకున్నాను. ఒక నెల చూశాక వైస్ ప్రిన్సిపాల్ని అడిగాను, ఆ పాపకి ఏమైందండీ అని.”

“ఏమన్నారు?”

“గాలి పీల్చాడు. ఇక అడగలేదు. కానీ పిల్ల వస్తోందనే అనుకున్నాను.”

“ఎందుకలా?”

“బూట్లని బట్టి. గుమ్మం దగ్గర పిల్లలకి తలా ఒక అర ఉంటుంది కదా. శుక్రవారం బళ్ళో బూట్లు ఇంటికి తీసుకెళ్ళి, ఉతికి, సోమవారం తెచ్చి పెడతారు. కోహరు అర కూడా శుక్రవారం సాయంత్రానికి ఖాళీ అయ్యేది. సోమవారం చూస్తే తెల్లగా ఉతికిన బూట్లు. ఎవరూ వేసుకోకపోతే ఎందుకు ఉతుకుతారు? ఏ నర్సు గదిలోనో కూర్చుని వెళ్తోంది, నాకు కనబడట్లేదు, అంతే అనుకున్నాను.”

“నేనైనా అలాగే అనుకుందును.”

“ఒక శుక్రవారం వర్షం. నేను గొడుగు మర్చిపోయి గుమ్మం దగ్గర నుంచున్నాను. ఒకావిడ వచ్చి ఆ అరలో బూట్లు తీసి సంచిలో పెట్టుకుంటోంది. వాళ్ళమ్మే. నాకు అప్పటికి వచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాను. కోహరుకి చెప్పండి, ఇంగ్లీషు క్లాసులో నేను ఎదురుచూస్తుంటానని.”

“అయ్యో.”

“ఆవిడ నాకేసి చాలాసేపు చూసింది. గొడుగు నా చేతికిచ్చి, చెప్తానంది. తడుస్తూనే వెళ్ళిపోయింది. సోమవారం బూట్లు పెట్టడానికొచ్చి నా కోసం ఆగింది. చెప్పాను, వస్తానంది, అంది.”

“ప్రభువా.”

“నేను ఎంత సంతోషపడ్డానో తెలుసా? ఆ రోజు నుంచి ఇంగ్లీషు క్లాసులో ఆ బల్ల మీద కూడా బొమ్మల కార్డులు పెట్టేదాన్ని. పిల్లలు చూసేవారు. ఎవరూ తియ్యలేదు. క్లాస్ టీచరు కూడా తియ్యలేదు. ఒకసారి మాత్రం కిటికీకేసి తిరిగి నుంచుంది, చాలాసేపు.”

“మీకు ఎప్పుడు తెలిసింది?”

“మళ్ళీ ఏప్రిల్లో. వాళ్ళు ఆరో తరగతికొచ్చారు. పిల్లలు ఎదుగుతారు కదా, అందరి బూట్లూ మారాయి. కోహరు బూట్లూ మారాయి. కొత్తవి, పెద్ద సైజువి. నేను వాటినే చూస్తూ నుంచుంటే నర్సు వచ్చి పక్కన నుంచుంది. మూడో తరగతి వేసవి సెలవుల్లో ఏట్లో మునిగిపోయింది, అని చెప్పింది. వర్షం పడేలా ఉంది అన్నంత మెల్లగా చెప్పింది.”

“మరి బడివాళ్ళు పేరెందుకు ఉంచారు?”

“తియ్యొద్దని ఆవిడ అడగలేదు. తీస్తామని వీళ్ళు అనలేదు. ఏప్రిల్ వచ్చింది, పై తరగతికి వెళ్ళింది. మళ్ళీ ఏప్రిల్ వచ్చింది, మళ్ళీ పై తరగతి. చెప్పాను కదా, అక్కడ ఫెయిలవడం లేదు.”

“చచ్చిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారు కృపా. బళ్ళకీ ఇళ్ళకీ తిరగరు. ఎన్నిసార్లు చెప్పాను నీకు?”

“వాళ్ళూ విశ్రాంతనే అన్నారమ్మా. ఒయసుమి.”

“తెలిశాక ఆవిడతో మాట్లాడారా అక్కా?”

“ఏం మాట్లాడను? తప్పుకు తిరగబోయాను. కుదరలేదు. శుక్రవారం ఆవిడే కనబడి అడిగేది. మా అమ్మాయి క్లాసులో ఎలా ఉంది సెన్సే, టీచరుగారూ, అని.”

“మీరేమన్నారు?”

“బాగుంది అన్నాను. మరి ఏమనమంటావు? ప్రతి శుక్రవారం అదే ప్రశ్న. అదే జవాబు. బాగుంది. నెమ్మదస్తురాలు. బొమ్మలు ఇష్టపడుతోంది. చెప్తూ చెప్తూ... నాకే అనిపించేది. సరేలే.”

“ఏమనిపించేది?”

“సరేలే అన్నానుగా.”

“అది చెప్పదమ్మాయ్. నాకూ చెప్పలేదు.”

“మార్చిలో ఏం జరిగిందక్కా? పట్టాలిచ్చే రోజు?”

“అది కూడా తెలుసా నీకు?”

“కొంచెం.”

“పట్టాలిచ్చే పండగ నువ్వింకా చూడలేదు కదూ. పెళ్ళికంటే ఎక్కువ హడావిడి. రెండు వారాల ముందు నుంచి రిహార్సల్. ఎక్కడ లేవాలి, ఎన్నడుగులు వెయ్యాలి, ఏ చెయ్యి ముందు చాపాలి, ఎంత వంగాలి. హెడ్మాస్టరు పేరు పిలుస్తాడు, పిల్లలు ‘హై’ అని లేచి వెళ్ళి పట్టా పుచ్చుకుంటారు. కోహరు పేరు కూడా పిలవాలని తీర్మానించారు. పిలిచాక కాసేపు ఆగాలి. తర్వాత వాళ్ళమ్మకి పట్టా ఇవ్వాలి. ఆ ఆగడాన్ని కూడా రిహార్సల్ చేశారు రాధా.”

“ఆగడాన్నా?”

“అవును. ఎంతసేపు ఆగాలని. మొదటిసారి తక్కువైందన్నాడు వైస్ ప్రిన్సిపాల్. మళ్ళీ పిలిచారు. పిల్లలంతా తలలొంచుకుని కూర్చున్నారు. ఖాళీ కుర్చీ. నిశ్శబ్దం. ఈసారి సరిపోయిందన్నాడు. అలా రోజూ.”

“రిహార్సల్లో మీరు ఊరుకున్నారుగా?”

“రిహార్సల్లో ఆవిడ లేదు. ఆ రోజు ఉంది. తల్లిదండ్రుల వరసలో చివర, నల్ల బట్టల్లో. నేను గోడవారన నుంచున్నాను, నాకు ఆవిడ మొహం తిన్నగా కనబడుతోంది. హెడ్మాస్టరు కోహరు అని పిలిచాడు. ఆవిడ పెదవులు కదిలాయి. పలకాలని చూస్తోంది. గొంతు రావట్లేదు. మళ్ళీ కదిలాయి. రావట్లేదు. ఆ హాల్లో ఎవరూ ఆవిడకేసి చూడట్లేదు, చూడకూడదని రిహార్సల్ కదా. నేనొక్కదాన్నే చూశాను.”

“అప్పుడు మీరు పలికారు.”

“పలికాను.”

“జపనీసులో కాదు.”

“కాదు. ఆ క్షణంలో ఏ భాషో ఎవరు చూసుకున్నారు.”

“తర్వాత?”

“ఏమీ లేదు. ఒక్కరూ తల తిప్పలేదు. హెడ్మాస్టరు నా వైపు వంగి దణ్ణం పెట్టి, తర్వాతి పేరు పిలిచాడు. మర్నాడు టీచర్ల గదిలో అందరూ మామూలుగా పలకరించారు. ఆ వారమే మనల్ని పంపిన కంపెనీ నుంచి ఫోను, వచ్చే ఏడాది ఆ బడికి నువ్వు అక్కర్లేదు, వేరే చోట ఖాళీ లేదు అని. ఎందుకని అడిగితే పరిస్థితులన్నారు. అంతే. వచ్చేశాను. నా ఖాళీలోకి నువ్వెళ్ళావు.”

“ఆవిడ పట్టా పుచ్చుకున్నారా?”

“పుచ్చుకుంది. నాకేసి చూడలేదు. మళ్ళీ నేను ఆవిణ్ణి చూడలేదు.”

“మీరు ఏమని పలికారక్కా?”

“ఏదో అన్నాను. మనవాళ్ళు అనే మాటే.”

“సరిగ్గా చెప్పాలి మీరు. అది అడగడానికే గుడివాడ నుంచి వచ్చాను.”

“ఇప్పుడెందుకు రాధా అది?”

“ఆవిడ నన్ను అడిగారు కాబట్టి.”

“ఎవరు?”

“కోహరు వాళ్ళమ్మ. మే నెలలో ఒకరోజు బడి గేటు దగ్గర నా కోసం నుంచున్నారు. మీరు కృపా సెన్సే ఊరివారా అన్నారు. పక్క ఊరన్నాను. మీ భాషలో ఒక మాటకి అర్థం చెప్తారా అన్నారు. మర్చిపోకుండా రోజూ అనుకుంటున్నారట ఆ మాట. అని చూపించారు. కానీ వాళ్ళకి మన ‘ద’, ‘డ’ రెండూ ఒకలాగే పలుకుతాయి కదక్కా. నాకు తెలీలేదు. ఉండండి అన్నారో, ఉందండి అన్నారో. మళ్ళీ అనమన్నాను. మళ్ళీ అన్నారు. నాలుగుసార్లు అనిపించాను ఆవిడచేత. ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేస్తున్నాయి, నాకు మాత్రం తేడా తెలీట్లేదు. చివరికి రెండర్థాలూ చెప్పేశాను. ఒకటి, ఇక్కడే ఉంది అని. ఇంకోటి, వెళ్ళకండి, ఉండండి అని. ఏది అన్నారో అన్నవాళ్ళకే తెలుసు అన్నాను.”

“మా కృప ఉందండి అనే అనుంటుంది.”

“మీకెలా తెలుసు పిన్నిగారూ?”

“మా ఊరి మాటమ్మా అది. మాది నాగాయలంక అవతల, సముద్రం వైపు. డెబ్భై ఏడు ఉప్పెనకి నాకు పన్నెండేళ్ళు. మా చెల్లి సువార్త నా చెయ్యి పట్టుకునే ఉంది... సరే. ఆ తర్వాత ఏటా నవంబర్లో గుళ్ళో పోయినవాళ్ళ పేర్లన్నీ చదివేవారు. పేరు చదవగానే ఆ ఇంటివాళ్ళు లేచి ఉన్నాడండి, ఉందండి అనేవాళ్ళు. ప్రభువు దగ్గర ఉందని దాని భావం. ఏలీయాగారి ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు, వాళ్ళకి మా అమ్మ పలికేది. అమ్మ పోయాక నేను.”

“అక్క కూడా వచ్చేదా?”

“నా పక్కనే కూర్చునేది, ఇంత పిల్ల. సువార్త పేరు చదివినప్పుడు నాకు గొంతు రాకపోతే ఇదే లేచి పలికేది. ఉందండి, అని. ఎవరూ నేర్పలేదు దీనికి. కొత్త పాస్టరుగారొచ్చాక అది వాక్యంలో లేదని ఆపేశారు. నేనూ మంచిదే అనుకున్నాను. అదింకా దీని నోట్లోనే ఉందని నాకేం తెలుసు.”

“అదేనా అక్కా? ఉందండి అనేనా అన్నది?”

“అదే. ఉందండి అన్నాను. ఇంక నీకు తెలిసిందిగా. వెళ్ళాక ఆవిడకి చెప్పు. దేవుడి దగ్గర ఉందని చెప్పు. మా వాళ్ళ ఆచారం, తప్పుగా అనుకోవద్దని చెప్పు.”

“దేవుడి దగ్గరని మీరు అన్లేదు కదక్కా. ఉంది అన్నారు. అంతే.”

“దానర్థం అదే.”

“ఆవిడకి అలా అర్థం కాలేదు. రెండర్థాలూ విని ఆవిడ చాలాసేపు ఆలోచించారు. తర్వాత అన్నారు. ఇక్కడే ఉంది అంటే, కోహరు కృపా సెన్సే పక్కనే ఉందన్నమాట. ఉండండి అంటే, ఆవిడ ఉండమంది, ఇది ఉండిపోయిందన్నమాట. రెండిటిలో ఏదైనా మా అమ్మాయి కృపా సెన్సే దగ్గరే ఉంది. అందుకే ఇంట్లో లేదు, అన్నారు.”

“ఇంట్లో లేదా?”

“ఏంటమ్మా, ఇంట్లో లేదంటే?”

“అన్నేళ్ళూ ఇంట్లోనే ఉన్నట్టు ఉండేదట పిన్నిగారూ. బూట్లు ఉతుకుతుంటే పక్కన కూర్చున్నట్టు. పట్టా పుచ్చుకుని ఇంటికెళ్ళిన రోజు నుంచి ఇల్లు బోసిపోయిందట. అయినా చూద్దామని జూలై దాకా ఆగారు. ఆ ఊళ్ళో పెద్దల పండగ జూలైలో చేస్తారు. చనిపోయినవాళ్ళు ఇంటికొచ్చే రోజులు. దారి కనబడాలని గుమ్మంలో చిన్న మంట పెడతారు. ఏటా మంట పెట్టగానే తెలిసేదట ఆవిడకి. ఈ ఏడాది మూడు రోజులూ పెట్టారు. రాలేదు.”

“రాధా, నువ్వు ఇవన్నీ నమ్ముతావా?”

“నేనేం నమ్ముతానో నాకు తెలీదక్కా. రాలేదని చెప్పడానికి ఆవిడ మా గది దాకా నడిచి వచ్చారు. నేను సెలవులకి ఇంటికెళ్తున్నానని తెలుసుకుని, ఏ విమానంలో అని అడిగారు. నేను చెప్పాను. ఎందుకడిగారో అప్పుడు నాకు తట్టలేదు.”

“అంటే?”

“ఎయిర్‌పోర్టులో నా వెనక లైన్లో నుంచున్నారు. చిన్న సంచితో.”

“ఆవిడ ఇక్కడికొచ్చిందా?”

“రెండు రోజుల నుంచి గుడివాడలో మా ఇంట్లోనే ఉన్నారు. మా వాళ్ళకి ఏం చెప్పాలో తెలీక మా హెడ్మిస్ట్రెస్ అని చెప్పాను. అన్నం పెడితే తింటున్నారు, మాట్లాడిస్తే నవ్వుతున్నారు. పొద్దునే లేచి బట్టలేసుకుని వరండాలో కూర్చుంటున్నారు, ఎప్పుడు వెళ్దామని. ఇవాళ తీసుకొచ్చాను.”

“ఎక్కడుంది?”

“సందు మొదట్లో, కారులో. ముందు నేను మాట్లాడి వస్తానని చెప్పాను.”

“నాతో ఏం మాట్లాడాలట? ఆ మాటకి అర్థం కావాలంటే చెప్తాను. పిలు. క్షమించమని అడగమంటే అడుగుతాను.”

“అర్థం కోసం కాదక్కా. క్షమాపణ కోసం అసలే కాదు, మీ పేరెత్తితే చేతులు జోడిస్తున్నారు. పాపని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చారు.”

“పాపా? ఏ పాప రాధా? ఇక్కడెవరున్నారు? నేను ఏదో అలవాటుకొద్దీ అన్నాను, అలవాటుకొద్దీ పిలుస్తున్నాను, అంతేగా? వెళ్ళి చెప్పు ఆవిడకి. ఇక్కడెవరూ లేరని చెప్పు.”

“నేనెలా చెప్పనక్కా? అంత దూరం వచ్చినావిడకి నేనెలా చెప్పను? మీరే చెప్పండి.”

“నావల్ల కాదు. ఆ శుక్రవారాలన్నీ బాగుంది, బాగుంది అని చెప్పినదాన్ని, ఇప్పుడు లేదని ఏ నోటితో చెప్పను? అమ్మా, నువ్వయినా చెప్పమ్మా. చచ్చిపోయినవాళ్ళు ఇళ్ళల్లో ఉండరని రోజూ అంటావుగా నాతో. అదే చెప్పు ఆవిడకి.”

“నువ్వాగు కృపా. అమ్మాయ్ రాధా, వెళ్ళి ఆవిణ్ణి తీసుకురా. గుమ్మంలో గట్టిగా మాట్లాడొద్దను. పాప ఇందాకే ఆ చాప మీద పడుకుంది.”